మాల వేసుకున్నాక మత్తు ఎందుకు పెరిగింది? క్లోజపిన్, సిగరెట్ పొగ, లివర్ సంగతి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇది తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను. మీరుండేది విజయవాడ. మీ తమ్ముడు గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా, వయసు 31. స్కిజోఫ్రీనియాకి (భ్రమలు, లేని గొంతులు వినిపించడం ఉండే మానసిక జబ్బు) అంతకుముందు వాడిన రెండు మందులు పనిచేయలేదు. మూడేళ్ళుగా క్లోజపిన్ రోజుకు 350 మి.గ్రా. వేసుకుంటూ నిలకడగా ఉన్నాడు, ఉద్యోగానికి వెళ్తున్నాడు. ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. అయిదో రోజు నుంచి విపరీతమైన మత్తు. తెల్లారేసరికి దిండు తడిసిపోతోంది. పొద్దున పీఠం ముందు తూలి పడబోయాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. సరిగ్గా అదే వారం మెడికల్ షాపువాడు వేరే కంపెనీ మాత్రలు ఇచ్చాడు కాబట్టి, అవి నకిలీవేమోనని మీ అనుమానం. దీక్షలో ఈ మందులెందుకు, ఆపేస్తే స్వామే చూసుకుంటాడని మీ బాబాయిగారి మాట. అసలు ఈ మందులో ఏముంది, మూడేళ్ళుగా లేనిది ఇప్పుడెందుకు ఇలా చేస్తోంది అని మీరు అడిగారు.

ఉత్తరం చివర్లో మాటవరసకి అన్నట్టు ఒక వాక్యం రాశారు: రోజుకి పెట్టె పైనే సిగరెట్లు కాల్చేవాడు మాల వేసుకున్న రోజు నుంచి ఒక్కటి కూడా ముట్టలేదు, అదొక్కటే సంతోషం అని. నాకు జవాబు అక్కడే దొరికింది.

నేను డాక్టర్ని కాను. ఫార్మసీ కాలేజీలో 26 ఏళ్ళు ఫార్మకాలజీ చెప్పి రిటైరయ్యాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, సాయంత్రాలు స్నేహితుడి మందుల షాపులో కూర్చుంటాను. కాబట్టి మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పగలను, మాత్రలు ఎన్ని తగ్గించాలో చెప్పలేను. అది మీ తమ్ముణ్ణి చూస్తున్న సైకియాట్రిస్టు పని. ఇది చదవడం ఇక్కడ ఆపి ఈరోజే వాళ్ళకి ఫోన్ చేయండి. "తమ్ముడు సిగరెట్లు ఒక్కసారిగా మానేశాడు, అయిదు రోజుల్లో మత్తు మొదలైంది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మీరు మత్తు, తూలడం అని మాత్రమే చెబితే, అవతలివాళ్ళు తొందరలో ఉంటే, మాత్ర రాత్రికి మార్చండి అని సరిపెట్టవచ్చు. సిగరెట్ మాట వింటే ఏ సైకియాట్రిస్టయినా వెంటనే డోసు గురించి ఆలోచిస్తారు. ఫోన్ దొరకలేదని రేపటిదాకా ఆగవద్దు, నేరుగా తీసుకువెళ్ళండి. లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా అపాయింట్‌మెంట్ ఏమీ లేదు, క్యాజువాలిటీకే వెళ్ళాలి. ఈలోగా బండి నడపనివ్వకండి.

ఫోన్ చేశారా? అయితే ఇక కారణంలోకి వెళ్దాం.

మనం మింగిన మందుని ఒంట్లోంచి పంపించే పని ఎక్కువగా లివర్‌ది. అక్కడ రకరకాల ఎంజైములు ఉంటాయి, ఒక్కో మందు ఒక్కో ఎంజైము చేతిలో పడుతుంది. క్లోజపిన్‌ని విరగ్గొట్టేది ప్రధానంగా సివైపీ 1ఏ2 అనే ఎంజైము. మీ తమ్ముడి భాషలోనే చెబుతాను. యార్డులోకి రోజూ 350 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్నాయనుకోండి. సరుకు మోసి లారీకెత్తడానికి మామూలుగా ఉండే హమాలీలు కొందరు ఉంటారు. సిగరెట్ పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అని కొన్ని పదార్థాలుంటాయి, ఆకు సగం సగం కాలినప్పుడు పుట్టే మసి లాంటివి. అవి లివర్ కణంలోకి వెళ్ళి ఒక రిసెప్టర్‌కి (రసాయనాలు వచ్చి పట్టుకునే గూడు లాంటి ప్రొటీన్‌కి) అతుక్కుని, అక్కడి జన్యువుని నిద్రలేపి, ఇంకా ఎంజైము తయారుచెయ్యి అని పురమాయిస్తాయి. అంటే యార్డులోకి కొత్త హమాలీలు దిగినట్టు. పొగ తాగేవాడి ఒంట్లో సరుకు తొందరగా ఖాళీ అవుతుంది. అందుకే అతనికి డాక్టరు 350 దాకా పెంచితే గానీ జబ్బు అదుపులోకి రాలేదు. పొగ తాగని మనిషికి అంతకన్నా చాలా తక్కువలోనే సరిపోయి ఉండవచ్చు.

ఇప్పుడు పొగ ఆగింది. పిలిచేవాడు లేక అదనపు హమాలీలు నాలుగైదు రోజుల్లో వెళ్ళిపోయారు. వారం దాటేసరికి మామూలు వాళ్ళే మిగిలారు. టిక్కీలు మాత్రం రోజూ 350 దిగుతూనే ఉన్నాయి. మాత్రల సంఖ్య మారకపోయినా రక్తంలో మందు ఒకటిన్నర రెట్లు, కొందరిలో అంతకన్నా ఎక్కువ అవుతుంది. అయిదో రోజున మత్తు మొదలవడం అనేది ఈ లెక్కకి ఎంత బాగా సరిపోతోందో చూడండి. మాత్ర నకిలీది అయితే జరగాల్సింది దీనికి తిరగబడి: మందు అందక నిద్ర తగ్గేది, పాత గొంతులు వినిపించేవి. నకిలీ మాత్రతో దిండు తడవదు.

దీనిలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. కాబట్టి ఖైనీ, జర్దా, గుట్కా నమిలేవాళ్ళలో క్లోజపిన్ లెవెల్ ఇలా మారదు. నికోటిన్ గమ్, ప్యాచ్ వాడినా మారదు. చుట్ట, బీడీ, సిగరెట్ మూడూ కాలేవే కనుక ఆ మూడూ లెక్కలోకి వస్తాయి. రోజుకు ఏడు నుంచి పన్నెండు సిగరెట్లు చాలు, ఎంజైము దాదాపు పై అంచుకి చేరుతుంది. కాబట్టి ఇరవై నుంచి పదికి తగ్గించినవాడిలో పెద్ద తేడా కనిపించదు, పది నుంచి సున్నాకి వచ్చినవాడిలో కనిపిస్తుంది. మాల వేసుకునేవాళ్ళు తగ్గించరు, సున్నాకే వస్తారు. టుబాకో బోర్డు హెడ్డాఫీసు ఉన్న ఊరు మా గుంటూరు. కనీసం ఈ ఊళ్ళోనైనా క్లోజపిన్ చీటీ మీద 'రోజుకు ఎన్ని సిగరెట్లు' అని ఒక గడి ఉండాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఆ కోరికకి కారణం మా ఇంట్లోనే ఉంది. మా బావమరిది చాలాకాలం క్లోజపిన్ మీద ఉన్నాడు. ఒకసారి బండి మీంచి పడి కాలు విరిగితే ఒక ఆసుపత్రిలో చేర్చాం. పేరు వద్దులెండి. మంచం మీద పడుకున్న మనిషికి సిగరెట్ ఎక్కడిది? పదో రోజుకి పగలూ రాత్రీ నిద్రే. ఆపరేషన్ మత్తు ఇంకా దిగలేదన్నారు, నొప్పి మందుల వల్లన్నారు, తలకి స్కాన్ తీశారు. పక్కన కూర్చుని ఉన్నది రెండు దశాబ్దాలుగా పిల్లలకి ఎంజైము ఇండక్షన్ (పొగలాంటివి ఎంజైముని పెంచడం) పాఠం చెప్పిన పెద్దమనిషి! నాకూ తట్టలేదు. పన్నెండో రోజు అతని చొక్కా జేబులో నలిగిన సిగరెట్ పెట్టె చూసి మా ఆవిడ, "పాపం ఎన్నాళ్ళయిందో తాగి" అంది. అప్పుడు వెలిగింది నాకు. పాఠం చెప్పడం వేరు, పక్క మంచం మీద గుర్తుపట్టడం వేరు.

సరే, అసలు ఈ మందులో ఏముంది అని అడిగారు. క్లోజపిన్ లేత పసుపు రంగు పొడి. నీళ్ళలో దాదాపు కరగదు. అణువు బొమ్మ గీస్తే మధ్యలో ఏడు పరమాణువుల ఉంగరం, దానికి అటూ ఇటూ రెండు బెంజీన్ ఉంగరాలు. రెక్కలు చాచిన పక్షిలా ఉంటుంది. ఒక రెక్కకి క్లోరిన్ పరమాణువు ఒకటి, పేరులోని 'క్లో' అక్కడిదే. మధ్య ఉంగరానికి పైపెరజీన్ అనే ఇంకో ఉంగరం వేలాడుతుంది, దాని కొసన ఒక మిథైల్ గుంపు. లివర్ ముందు ఊడబెరికేది ఆ మిథైల్‌నే. అది ఊడితే నార్‌క్లోజపిన్ అవుతుంది. అది కూడా చెత్త కాదు, దాని పని అది చేస్తూనే ఉంటుంది.

ఇలాంటి మూడు ఉంగరాల అణువులంటే 1950ల చివర్లో యూరప్ కంపెనీలకి మోజు. డిప్రెషన్‌కి వాడే ఇమిప్రమీన్ కూడా ఆ కుటుంబమే. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో వాండర్ అనే కంపెనీ రసాయనికులు అలా తయారుచేస్తూ పోతే 1958 ప్రాంతంలో ఇది బయటపడింది. అయితే దీన్ని నమ్మినవాళ్ళు తక్కువ. ఎందుకంటే అప్పటికి పిచ్చికి మందు అంటే చేతులు వణకాలి, ఒళ్ళు బిగుసుకుపోవాలి. 1952లో వాడకంలోకి వచ్చిన క్లోర్‌ప్రొమజీన్, ఆ తర్వాతి హాలోపెరిడాల్ అలాగే చేసేవి. ఆ బిగుసుకుపోవడమే మందు పనిచేస్తోందనడానికి గుర్తు అనుకునేవారు. ఎలుకలకి క్లోజపిన్ ఇస్తే అవి బిగుసుకోలేదు. ఇదేం మందు అన్నారు. ఒక దుష్ఫలితాన్నే గుణం అనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నేను క్లాసులో ఈ కథే చెప్పేవాణ్ణి.

బిగుసుకుపోకపోవడానికి కారణం ఇది. మెదడులో డోపమీన్ అనే రసాయనం డీ2 అనే రిసెప్టర్ల మీద కూర్చుంటుంది. భ్రమలు, లేని గొంతులు వినిపించడం ఈ దారిలో డోపమీన్ ఎక్కువవడంతో ముడిపడినవి. హాలోపెరిడాల్ డీ2 కుర్చీలో కూర్చుంటే ఓ పట్టాన లేవదు, రైల్లో రిజర్వేషన్ ఉన్నవాడిలాగా. ఆ కుర్చీలు సుమారు 80 శాతం దాటి నిండితే ఒళ్ళు బిగుసుకోవడం మొదలవుతుంది. క్లోజపిన్ అలా కాదు. వచ్చి కూర్చుంటుంది, అసలు డోపమీన్ రాగానే లేచి చోటిస్తుంది. స్కాన్‌లలో చూస్తే మామూలు డోసుల్లో అది 40 నుంచి 60 శాతం దాకానే ఆక్రమిస్తుంది. అంత వదులుగా పట్టుకుని కూడా మిగతా మందులు లొంగదీయలేని జబ్బుని ఎలా లొంగదీస్తుందన్నది నేటికీ పూర్తిగా తేలలేదు. సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి చెందిన 5హెచ్‌టీ2ఏ రిసెప్టర్ మీద గట్టిగా పనిచేస్తుందని ఒకరు, గ్లుటమేట్ అనే ఇంకో మెదడు రసాయనం దారి అని ఒకరు అంటారు. నా మటుకు నాకు ఒక్క తాళంతో తెరుచుకునే తలుపు కాదిది అనిపిస్తుంది.

ఇక మీరు చెప్పిన లక్షణాలు. క్లోజపిన్ డీ2 దగ్గర వదులుగా ఉంటుంది గానీ మిగతా చోట్ల మహా గట్టిగా పట్టుకుంటుంది. హిస్టమిన్ హెచ్1 రిసెప్టర్‌ని మూస్తుంది, జలుబు మాత్ర వేసుకుంటే నిద్ర వచ్చేది ఈ దారినే. మత్తు, ఆకలి, బరువు పెరగడం అక్కడి నుంచి. ఆల్ఫా1 రిసెప్టర్‌ని మూస్తుంది, రక్తనాళాలు వదులై, లేచి నిలబడగానే బీపీ పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ళ స్నానం చేసి, పీఠం ముందు సాష్టాంగ నమస్కారం చేసి, గబుక్కున లేచాడంటే తూలకుండా ఎలా ఉంటాడు? మందు లెవెల్ దిగేదాకా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాసేపాగి, ఏదైనా పట్టుకుని లేవమనండి. స్వామి ఏమీ అనుకోడు.

దిండు తడవడం తమాషా విషయం. లాలాజలం, పేగుల కదలిక లాంటివి నడిపే మస్కరినిక్ రిసెప్టర్లని కూడా ఈ మందు మూస్తుంది. అలా మూస్తే నోరెండిపోవాలి. పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే సగం మంది నోరెండుతుందనే రాస్తారు. కానీ వాటిలోనే ఎం4 అనే ఒక రకాన్ని క్లోజపిన్ మూయకుండా కొంచెం తట్టి లేపుతుంది, లాలాజలం అటు ఊరుతుంది. పైగా నిద్రలో గుటక వేయడం తగ్గుతుంది. ఊరింది లోపలికి పోక దిండు మీదికి పోతుంది. లెవెల్ తగ్గితే ఇదీ తగ్గుతుంది. ఇప్పటికి తల ఎత్తుగా పెట్టి పక్కకి తిరిగి పడుకోమనండి. దీక్షలో దిండు వాడకూడదు అనే గురుస్వామి ఉంటే నాలుగు దుప్పట్లు మడిచి పెట్టండి. అంత మత్తులో వెల్లకిలా పడుకుంటే ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

కానీ నాకు దిండు కన్నా కడుపు గురించే ఎక్కువ టెన్షన్. మీరు ఆ విషయం రాయలేదు. మన ఇళ్ళల్లో అక్క తమ్ముణ్ణి అడిగే విషయం కాదని తెలుసు. అయినా అడగండి, లేదా మీ నాన్నగారి చేత అడిగించండి: రోజూ విరేచనం అవుతోందా? క్లోజపిన్ పేగుల కదలికని బాగా తగ్గిస్తుంది. అందరూ తెల్లరక్తకణాల గురించి భయపడతారు గానీ, మలబద్ధకం ముదిరి పేగు స్తంభించి పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ప్రత్యేకంగా దీనిమీదే హెచ్చరిక గట్టిగా చేసింది. రక్తంలో మందు పెరిగితే పేగు ఇంకా నెమ్మదిస్తుంది. దీక్షలో ఒంటిపూట భిక్ష, నీళ్ళు తక్కువ తాగడం దీనికి తోడు. మూడు రోజులు విరేచనం కాకపోతే అది చిట్కాల స్థాయి దాటినట్టే. ఇంకో మాట, ఇసబ్‌గోల్ లాంటి పీచు పొడులు ఇక్కడ అంత మంచివి కావు. కదలని పేగులో ఇంకా సరుకు నింపినట్టవుతుంది. పేగుని కదిలించే మాత్రలు, లాక్టులోజ్ లాంటి సిరప్‌లు డాక్టర్లు రాస్తారు, అడగండి. ఉమ్మి తగ్గడానికి ఇచ్చే కొన్ని మందులు మలబద్ధకాన్ని పెంచుతాయి, కాబట్టి ఆ రెండిటి గురించీ ఒకేసారి చెప్పండి.

ఒంటిపూట తిండితో మందు అరగదేమోనని కూడా రాశారు. ఆ భయం వద్దు. ఈ మాత్ర తిండి మీద ఆధారపడదు, ఖాళీ కడుపుతోనైనా ఒకేలా ఒంటికి పడుతుంది. కాఫీ సంగతి మాత్రం వేరు. కాఫీలోని కెఫీన్‌ని విరగ్గొట్టేది కూడా ఆ 1ఏ2 హమాలీలే. సిగరెట్ మానిన మనిషి ఆ వెలితికి రోజుకి ఆరేడు కాఫీలు పట్టించాడంటే ఉన్న కొద్దిమంది హమాలీలూ కాఫీ బస్తాల దగ్గరికి పోతారు, క్లోజపిన్ ఇంకా పేరుకుపోతుంది. మత్తుగా ఉందని కాఫీ మీద కాఫీ ఇవ్వడం మన ఇళ్ళల్లో సహజం. అది మానండి.

రక్తపరీక్షలు ఇంకా ఎందుకని అడిగారు కాబట్టి ఆ చరిత్ర కొంచెం. 1975లో ఫిన్లాండ్‌లో క్లోజపిన్ వాడుతున్నవాళ్ళలో తెల్లరక్తకణాలు, అందులోనూ న్యూట్రోఫిల్స్, ఉన్నట్టుండి పడిపోయి ఇన్‌ఫెక్షన్లతో 8 మంది చనిపోయారు. చాలా దేశాల్లో మందు వెనక్కి వెళ్ళింది. న్యూట్రోఫిల్ కణం సూక్ష్మక్రిముల్ని చంపడానికి తన దగ్గర ఘాటైన ఆక్సీకరణ రసాయనాలు పెట్టుకుంటుంది. అవి క్లోజపిన్ అణువు మధ్య ఉంగరంలోని నైట్రోజన్ దగ్గర ఎలక్ట్రాన్లని లాగేసి, నైట్రీనియం అయాన్ అనే చురుకైన రూపంగా మారుస్తాయి. అది దొరికిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటుంది, కొందరిలో ఒళ్ళు ఆ కణాలనే పరాయివిగా చూస్తుందని అనుకుంటున్నారు. తన ఆయుధమే తనకి తగిలినట్టు. ఇది నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో, అది కూడా ఎక్కువగా మొదటి 18 వారాల్లో వస్తుంది. అందుకే ఆ మొదటి నెలల్లో వారం వారం, తర్వాత దూరం దూరంగా పరీక్షలు.

అంత భయపడిన మందుని మళ్ళీ తెచ్చింది 1988లో వచ్చిన ఒక అధ్యయనం. వేరే మందులేవీ పనిచేయని 268 మందిని తీసుకుని ఆరు వారాలు చూస్తే, క్లోర్‌ప్రొమజీన్‌తో 4 శాతం మంది కోలుకుంటే క్లోజపిన్‌తో 30 శాతం మంది కోలుకున్నారు. 1989లో ఎఫ్‌డీఏ అనుమతించింది, రక్తపరీక్ష చేయించాలన్న షరతుతో. ఆ తర్వాత ఈ అణువునే అటూ ఇటూ మార్చి చేసినవి ఒలాంజపిన్, క్వెటియాపిన్. ఒలాంజపిన్‌లో ఒక బెంజీన్ రెక్క తీసి గంధకం ఉన్న చిన్న ఉంగరం పెట్టారు, క్లోరిన్ తీసేశారు. రక్తకణాల బెడద దాదాపు పోయింది, మొండి జబ్బుని లొంగదీసే గుణమూ చాలావరకు పోయింది. సిగరెట్ గొడవ మాత్రం ఒలాంజపిన్‌కి కూడా ఉంది, దాన్ని వాడుతూ మాల వేసుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుంచుకోండి. అమెరికాలో క్లోజపిన్ వాడేవాళ్ళ రక్తపరీక్షల వివరాలు నమోదు చేయాలన్న రిజిస్ట్రీ నిబంధనని 2025లో ఎత్తేశారు గానీ పరీక్షలు వద్దని అనలేదు. మీ తమ్ముడికి మూడేళ్ళు గడిచాయి కాబట్టి ప్రమాదం బాగా తగ్గింది. అయినా జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే అదే రోజు తెల్లరక్తకణాల కౌంట్ చేయించండి.

జ్వరం విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గట్టిగా ఉన్నప్పుడు లివర్ ఈ ఎంజైముని తగ్గించేస్తుంది. అంటే వైరల్ జ్వరం కూడా క్లోజపిన్ లెవెల్ పెంచుతుంది. దానిమీద ఎవరైనా సిప్రోఫ్లాక్ససిన్ ఇచ్చారంటే అది ఆ ఎంజైముని నేరుగా నొక్కేస్తుంది. మన దగ్గర విరేచనాలన్నా, మూత్రంలో మంటన్నా చీటీ లేకుండానే సిప్రో చేతిలో పెడతారు. నేను కూర్చునే షాపులో కూడా ఒకప్పుడు అంతే, దాచుకోవడం దేనికి. యాత్రలో కడుపు చెడటం మామూలే కాబట్టి అతని ఫోన్ వెనకాల ఒక కాగితం అంటించండి: 'క్లోజపిన్ వాడుతున్నాను, సిప్రోఫ్లాక్ససిన్ వద్దు' అని.

కంపెనీ మారడం గురించి: ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే కొద్ది తేడా ఉండవచ్చు, వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడమనే నేనూ చెబుతాను. బిల్లు, స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు దాచి డాక్టరుకి చూపించండి. స్ట్రిప్ మీద 100 బదులు 50 గానీ, 25 బదులు 100 గానీ ఇచ్చాడేమో కూడా ఒకసారి చూడండి, అది నకిలీ కన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఈ మూడు సైజులూ మార్కెట్లో ఉన్నాయి. అవన్నీ సరిగా ఉంటే షాపువాణ్ణి వదిలేయండి.

డాక్టరు రక్తంలో క్లోజపిన్ లెవెల్ చేయించమనవచ్చు. దానికో పద్ధతి ఉంది. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, పొద్దున మాత్ర ఉంటే అది వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకున్న రెండు గంటలకి ఇస్తే అంకె ఊరికే పెద్దదిగా వచ్చి అందరినీ కంగారు పెడుతుంది. మిల్లీలీటరుకి 350 నానోగ్రాములు దాటితే మందు పనిచేసే అవకాశం ఎక్కువ. 600 దాటి 1000 వైపు వెళ్తుంటే ఫిట్స్ భయం పెరుగుతుంది. రిపోర్టు రావడానికి రోజులు పట్టవచ్చు. మనిషి తూలుతుంటే రిపోర్టు కోసం ఆగరు, లక్షణాలు చూసే డోసు సర్దుతారు.

ఇప్పుడు బాబాయిగారి మాట. పెద్దాయన, భక్తితో అన్నారు, నేనేమీ అనను. కానీ క్లోజపిన్ ఒక్కసారిగా ఆపితే రెండు దెబ్బలు. జబ్బు తిరగబెట్టడం ఒకటి, ఇది మిగతా మందులు ఆపినప్పటి కన్నా తొందరగా, గట్టిగా వస్తుంది. రెండోది, ఇన్నాళ్ళూ మూసి ఉన్న మస్కరినిక్ రిసెప్టర్లన్నీ ఒక్కసారి తెరుచుకుని వాంతులు, చెమటలు, నిద్రలేమి. ఇంకా ముఖ్యమైనది: 48 గంటలు మాత్ర పడకపోతే మళ్ళీ 350తో మొదలుపెట్టకూడదు. ఒంటికి అలవాటు పోతుంది, ఆ డోసుకి బీపీ పడిపోయి గుండె ఆగిన సందర్భాలున్నాయి. 12.5 మి.గ్రా. నుంచి మెట్టు మెట్టుగా మళ్ళీ ఎక్కాలి. అంటే రెండు రోజులు మానితే కొన్ని వారాల పని. దీక్షలో మందు వేసుకోకూడదని నియమం ఏదీ లేదు. షుగర్, బీపీ ఉన్న స్వాములు ఎంతమంది మాత్రలు వేసుకుని కొండెక్కుతున్నారు! బాబాయిగారు వినకపోతే గురుస్వామి చేత చెప్పించండి, ఆ మాట చెల్లుతుంది. గురుస్వామి దగ్గరికి వెళ్ళి జబ్బు విషయం చెప్పడానికి మీ తమ్ముడు ఒప్పుకుంటాడో లేదో మాత్రం ముందు అతన్నే అడగండి. జబ్బు అతనిది, ఎవరికి చెప్పాలన్నది కూడా అతని ఇష్టమే.

శబరిమల వెళ్ళనివ్వచ్చా అన్నారు. డోసు సర్ది, వారం పది రోజుల్లో మనిషి తేటపడితే, డాక్టరు సరేనంటే, ఎందుకు వెళ్ళకూడదు? అయితే మాత్రలన్నీ ఒకే సంచిలో పెట్టవద్దు. రైల్లో ఆ సంచి పోతే పైన చెప్పిన 48 గంటల గడియారం మొదలవుతుంది. సగం అతని దగ్గర, సగం తోటి స్వామి దగ్గర, చీటీ ఫోటో ఫోన్‌లో. పంబ నుంచి ఎక్కేటప్పుడు నీళ్ళు తాగుతూ, ఆగుతూ ఎక్కాలి. రాత్రి మాత్ర వేసుకున్నాక నడక పెట్టుకోకూడదు, దర్శనం క్యూ ఎంతసేపు పట్టినా సరే.

ఇక అసలు చిక్కు, మీరు అడగనిది. మాల తీశాక ఏమవుతుంది? చాలామంది కొండ దిగి రైలెక్కకముందే వెలిగిస్తారు. ఇప్పుడు డాక్టరు డోసు తగ్గిస్తారు కదా. ఆ తగ్గించిన డోసు మీద అతను మళ్ళీ పెట్టె సిగరెట్లకి వెళ్తే హమాలీలు వారంలో తిరిగొస్తారు, రక్తంలో మందు బాగా పడిపోతుంది. మత్తు పోయింది, చురుగ్గా ఉన్నాడని మీరంతా సంతోషిస్తుంటారు. కొన్ని వారాలకి నిద్ర తగ్గుతుంది, యార్డులో ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. అప్పటికి మాల సంగతి ఎవరికీ గుర్తుండదు, దిష్టి తగిలిందంటారు.

కాబట్టి అతనితో మంచి మూడ్‌లో ఉన్నప్పుడు మాట్లాడండి. మానేస్తే ఎంతో మంచిది, తక్కువ మాత్రలతోనే అదే పని జరుగుతుంది. యార్డు గుమస్తాకి లెక్క చెబితే ఎక్కుతుంది. మళ్ళీ తాగాలనిపిస్తే తాగడం తప్పని తిట్టకండి, తిడితే దాస్తాడు. దాచిన సిగరెట్‌తోనే డాక్టరు లెక్క తప్పేది. మొదలుపెడితే ఆ రోజే చెప్పమనండి, అంతే.

మాల వేసుకున్న తేదీ మీకు తెలుసు. క్యాలెండర్ తీసి 41వ రోజు ఎక్కడ పడుతుందో చూడండి. తిరిగొచ్చే రైలు తేదీ రాసుకుని, అది దాటిన మూడు నాలుగు రోజులకి డాక్టరు అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. ఆరోజు మీరు విజయవాడ నుంచి రాగలిగితే మీరే వెంట వెళ్ళండి.